రెండు ముళ్ల తాటాకు

వాగు ఒడ్డున రాళ్లగుట్ట కింద ఒక బొరియ ఉంది. దానికి రెండు వాకిళ్లు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని అడవంతా పేరు. అందులో గంగులమ్మ, ఈరన్న అనే ఏదుపందుల కాపురం. కాపురం అనడమే గానీ, ఇద్దరి మధ్యా మాటలు పోయి రెండు వానాకాలాలు గడిచాయి. గొడవంటూ ఏదీ లేదు. ఒకరొస్తే ఒకరు లేచి వెళ్లిపోవడమే. ఇక విడిపోదామని ఇద్దరికీ అనిపించింది.

ఆ అడవిలో విడాకులిచ్చేది తాబేలు పెద్దయ్య. ఆయన ముందు నిలబడాలంటే గంగులమ్మకి సిగ్గు. నక్క ప్లీడరు జంబయ్యకి కబురు పెట్టింది.

"కోర్టుకి నువ్వెందుకక్కా?" అన్నాడు జంబయ్య. "ఇద్దరి మాటా ఒకటైతే రానక్కర్లేదు. తాటాకు మీద చెరో ముల్లు గుచ్చితే వచ్చినట్టే. మిగతాది నేను రాసుకుంటాగా. ఇంతకీ బొరియ ఎవరికి?"

గంగులమ్మ గోడకేసి చూసింది. వాగు పొంగిన ఏడాది తవ్వుకున్న ఇల్లు. ఈరన్న గోళ్లరిగేలా తవ్వుతుంటే తను వెనకనుంచి మట్టి తోసేది. పైన వాన, లోపల ఇద్దరికీ ఒకే చేమదుంప. ఎంత బాగుండేవా రోజులు.

"ఆయనకే ఉండనియ్. నాకొద్దు."

జంబయ్య అవతలి వాకిటికి వెళ్లి ఈరన్ననీ అడిగాడు.

"ఆవిడకే రాయి. నాకొద్దు."

నక్కకి నోరూరింది. ముళ్లు రెండూ గుచ్చించుకున్నాక, 'ఇద్దరూ వద్దన్నందున బొరియ జంబయ్యకు చెందును' అని ఆకు చివర చిన్న అక్షరాలతో గీకాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే మరి.

అయితే తాబేలుకి నడకే కాదు, చదువూ నిదానమే. ముళ్లు చూసి ముద్ర వేసే రకం కాదు. పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆకు చివరికొచ్చాడు.

"ఏమయ్యా జంబయ్యా, ఇద్దరి మాటా ఒకటే అన్నావు?"

"ఒకటే కదండీ. ఇద్దరూ వద్దనే అన్నారు."

"ఆవిడ ఆయనదంటోంది. ఆయన ఆవిడదంటున్నాడు. ఇంతకన్నా తగువేముంది? పిలువు ఇద్దర్నీ."

ఇద్దరూ వచ్చారు. పెద్దయ్య చిన్న అక్షరాలు పైకి చదివేసరికి ఇద్దరి ముళ్లూ ఒక్కసారే లేచాయి. జంబయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నీ ప్లీడరీ ఇవాళ్టితో సరి" అన్నాడు పెద్దయ్య. "ఇప్పుడు మీరు చెప్పండి. బొరియ ఎవరిది?"

"తవ్వింది ఆయన" అంది గంగులమ్మ.

"మట్టంతా మోసింది తను" అన్నాడు ఈరన్న. " ఆ వానకి దగ్గు కూడా పట్టుకుంది. ఎలా ఉందని నేనొక్కనాడూ అడగలేదు."

రెండేళ్లలో ఈరన్న నోట గంగులమ్మ విన్న మొదటి మాట అది. కళ్లు తుడుచుకుంది.

"ఇంకా విడిపోవాలనే ఉందా?" అన్నాడు పెద్దయ్య.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఉందండీ" అంది గంగులమ్మ. ఈరన్న కూడా తలూపాడు. పెద్దయ్య చెరో వాకిలీ రాసి, మధ్యలో గోడ పెట్టుకోమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడుకున్నారు. గుట్ట దగ్గర ఎవరి వాకిట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. గంగులమ్మ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చాక, ఎన్నాళ్లకో, హాయిగా నిద్రపట్టింది.

నీతి: మన మాట మనం చెప్పుకోకపోతే, మధ్యవాడు తన మాట రాసుకుంటాడు.