దీపపు మేడలో రెండు అద్దాలు

మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన కాలం నాటి సంగతి. సముద్రపు ఒడ్డున నీలరేవు అనే పట్టణాన్ని వజ్రకీర్తి అనే రాజు ఏలేవాడు. రేవులో ఒక దీపపు మేడ ఉండేది. పొద్దు వాలగానే ఇంటికొకరు వచ్చి, అక్కడి ఇత్తడి ప్రమిదలో గరిటెడు నూనె పోసేవారు. ఆ తరువాతే తమ ఇంట్లో దీపం పెట్టుకునేవారు. మేడ మీద వత్తులన్నీ కలిసి మండేవి. ఆ వెలుగు చూసి పడవలు ఒడ్డు చేరేవి.

ఒకనాడు గుణనిధి అనే వర్తకుడు రెండు నిలువుటద్దాలు తెచ్చాడు. ఒకటి మేడ గోడకు ఆనించాడు. రెండోది దానికి ఎదురుగా, సముద్రం వైపు కిటికీలో నిలిపాడు. నడుమ ఒక్క వత్తి వెలిగించాడు.

“లోపలికి వచ్చి చూడండి, మహాప్రభూ.”

రాజు చూశాడు. దీపం వెనుక దీపం, దాని వెనుక మరో దీపం. దూరం వెళ్ళేకొద్దీ మసకబారుతూ బారులు తీరి ఉన్నాయి. లెక్కపెట్టబోయి తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పాడు.

“ఇన్ని దీపాలుండగా ఊరివాళ్ళ నూనె ఎందుకు?” అని ఆ ఆచారం మాన్పించాడు.

ఆ సాయంత్రమే ఒక పడవ రేవు దాటిపోయి ఇసుక తిన్నె ఎక్కింది.

“దీపం కనబడలేదు, ప్రభూ,” అన్నాడు పడవ సరంగు.

రాజు మేడ ఎక్కి చూశాడు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. “నీ కళ్ళకేమైంది?” అని కసిరి పంపాడు.

మర్నాడు అద్దాలు తళతళలాడేలా తుడిపించాడు. దీపాలు ఇంకా పెరిగాయి. ఆ రోజు మరో పడవ రాళ్ళకు తగిలింది.

“దీపాలు పెరిగేకొద్దీ దారి తప్పుతున్నారేమిటి?” రాజుకు పాలుపోలేదు. గుణనిధిని అడిగాడు.

గుణనిధీ తల గోక్కున్నాడు. “చీకటి కూడా పెరిగిందేమో, మహాప్రభూ.”

మూడోనాడు రాజు కూతురు హేమలేఖ పురిటికి పుట్టింటికి వస్తోంది. పొద్దు వాలింది, మబ్బు పట్టింది, పడవ రాలేదు. రాజు అద్దాల నడుమ నిలబడ్డాడు. దీపాలతో పాటు రాజులూ బారులు తీరారు. అందరూ కంగారుగానే ఉన్నారు. వాళ్ళలో తానెవరో ఒక్క క్షణం ఆయనకే బోధపడలేదు.

కింద గట్టు మీద నుంచి రాణి చారుమతి కేక వేసింది. “దీపం పెట్టారా, లేదా?”

“వేలకు వేలు పెట్టాను, దేవీ.”

“ఇక్కడికి ఒక్కటీ రాలేదు. దిగి వచ్చి చూడండి.”

రాజు దిగి వచ్చి తలెత్తాడు. కిటికీ నిండా అద్దం వీపు నల్లగా కనిపించింది.

“ఆ అద్దం వెలుగును ఈ అద్దానికి ఇస్తోంది. ఇది తిరిగి దానికే ఇస్తోంది. ఇక బయటికి వచ్చేదెప్పుడు? కిటికీలోది తీయించండి,” అంది రాణి.

“తీస్తే దీపమూ, దాని ప్రతిబింబమూ, రెండే మిగులుతాయి కదా.”

“మీకు తగ్గుతాయి. అమ్మాయికి కనబడతాయి.”

అద్దం తీశారు. వెనుక గోడ అద్దం తన వంతు వెలుగును కూడా సముద్రం మీదికే పంపింది. దూరాన రాళ్ళ వైపు పోతున్న ఒక తెరచాప ఆగి, మెల్లగా రేవు వైపు తిరిగింది.

“ఇప్పుడా, నాన్నగారూ, దీపం పెట్టడం?” అంది హేమలేఖ గట్టు మీద కాలు పెడుతూనే.

మరునాటి సాయంత్రం మేడ దగ్గరికి మొదటి గరిటె నూనె రాజే తెచ్చాడు.

మనం చూసి మురవడానికే వెలిగే దీపం మనకు వేలుగా కనిపించినా, దారి వెతుక్కునేవారికి ఒక్కటి కూడా కాదు.