షూయిన్ పేరే ఇంటిపేరు

అనగనగనగా, చీనా దేశంలో, మట్టిరంగు నీళ్ళు పారే పెద్ద నది ఒడ్డున ఓ పల్లె ఉండేదే చిట్టితల్లీ. ఆ పల్లెకి షూయిన్ అనే అమ్మాయి కోడలిగా వచ్చింది. ఆమె పుట్టిల్లు కొండల్లో. పాపం, మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో అత్తగారూ, తనూ, నాలుగేళ్ళ కూతురు యావో.

ఆ ఊళ్ళో కొర్రలు పండించేవాళ్ళు. నువ్వు తిననని మొరాయిస్తావే, అవే.

ఒక ఏడు వరదొచ్చి పంట పోయింది. మరుసటేడు ఇళ్ళు పోయాయి. మూడో ఏడు మళ్ళీ నది పొంగడం షూయిన్ చూసింది.

అప్పుడు పెద్దల దగ్గరికెళ్ళి, "మా కొండ మీద చదును నేల ఉంది. అందరం పోదాం రండి" అంది.

ఊరిపెద్ద గోవెన్ నవ్వాడు. "నిన్నగాక మొన్నొచ్చావు. మా తాతల నేల వదిలి రమ్మంటావా?"

షూయిన్ ఇంటికెళ్ళింది. విత్తనాల కుండ నెత్తిన పెట్టుకుంది. కూతుర్ని చంకనెత్తుకుంది. అత్తగారు కర్ర పుచ్చుకుని వెనకాలే నడిచింది. సగం కొండ ఎక్కారో లేదో, కింద గట్టు తెగింది. ఊరంతా పిల్లల్ని భుజాలకెత్తుకుని పైకి పరిగెత్తుకొచ్చింది. గోవెన్ కూడానూ.

ఆ తర్వాతే అసలు కష్టం. మొదటి నెల అడవి పళ్ళు తిన్నారు. రెండో నెల దుంపలు. మూడో నెల చలికి అవీ లేవు, చెట్ల బెరడు దంచి గంజి కాచుకున్నారు.

"కుండలో గింజలున్నాయిగా, వండు!" అని గోవెన్ అరిచాడు.

"ఈ పూటకి సరిపోతాయి బాబాయ్. మరి రేపు పొలంలో ఏం చల్లుతాం?" అంది షూయిన్.

అప్పుడు యావో నడిచే ఓపిక లేక కుండ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, "అమ్మా, ఒక్క గుప్పెడే" అంది. షూయిన్ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని తన వంతు గంజి కూడా తాగించింది. కుండ మూత మాత్రం తియ్యలేదు. ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం అత్తగారు చూసింది.

చలి పోయి వానలొచ్చాయి. గింజలు చల్లారు. కోతకొచ్చేదాకా ఆకూ అలమూ తిని ఓర్చుకున్నారు. ఆ తర్వాత చూడాలి, కొండంతా కంకులే! కొత్త కొర్రన్నం తొలి ముద్ద యావో నోట్లో పెట్టింది ఎవరనుకున్నావ్? గోవెనే.

అప్పుడు ఎవరికి ఎవరు పుట్టారో తెలిసేలా ఎద్దు ఎముక మీద ఒక్కో ఇంటి వంశం చెక్కించాలనుకున్నారు. షూయిన్ ఇంటి వంతు రాగానే చెక్కేవాడు అత్తగార్ని అడిగాడు. "అవ్వా, మొదట నీ కొడుకు పేరు చెక్కనా?"

"నా కొడుకు బంగారమే. కానీ ఇంతమందిమి ఇవాళ బతికున్నది నా కోడలి వల్ల. దాని పేరు చెక్కు" అంది అత్తగారు.

వంశానికి మొదట ఆడదాని పేరు పెట్టడం ఆ ఊళ్ళో అంతవరకూ లేదు. గోవెన్ లేచాడు. కాదంటాడేమోనని అందరికీ భయం.

"లోతుగా చెక్కు" అన్నాడు.

అప్పట్నించీ ఆ వంశంలో ఆడామగా అందరికీ షూయినే ఇంటిపేరు. ఎవరైనా అడిగితే తల ఎత్తి మరీ చెప్పేవాళ్ళు.

కథ వెళ్ళింది కంచి దాకా,
మనమొచ్చాం ఇంటి దాకా,
బజ్జోమ్మా ఇక తెల్లారేదాకా.