తలారి అడిగిన మాట

ఏటి ఒడ్డున ఒక పట్టణం ఉండేది. దానికి ఒకే తలారి. అక్కడ బట్టలకు రంగులద్దేవాళ్ళంతా అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. వచ్చి ఎన్నాళ్ళయిందో ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారకముందే వీధుల్లో తిరిగేది వాళ్ళే కాబట్టి ఎక్కడ పొగ లేచినా, ఎవరి తలుపు విరిగినా ముందుగా వాళ్ళ కంటనే పడేది. వెంటనే తలారి దగ్గరికి పరుగెత్తేవారు. ఒకసారి పట్టణపెద్ద గడ్డివాము అంటుకుంటే, అద్దకపువీధి ఇల్లాలు ఒకామె "తలారన్నా, లే!" అని కేకవేసి, రంగునీళ్ళ బిందెతోనే మంటల వైపు పరుగుతీసింది.

కొన్నాళ్ళకు పట్టణపెద్ద కొత్త ఆజ్ఞ వేశాడు. "నీ దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఏ ఊరో అడుగు. అవతలి ఒడ్డువాళ్ళయితే పడవ ఎక్కించి పంపెయ్."

"మొర పెట్టుకోవడానికి వచ్చినవాణ్ణి కూడానా అయ్యా?"

"అడగడమేగా. నీదేం పోయింది?"

మొదట వచ్చినవాడు ఆ ఇల్లాలి పెనిమిటి. సందులో ఎవడో కొట్టి కూలిడబ్బులు లాక్కున్నాడు. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. తలారి ఏ ఊరని అడిగాడు. నీకు తెలియదా అన్నట్టు అతను నవ్వాడు. తలారి నవ్వలేదు. అతన్ని ఎక్కించిన పడవ కదిలేటప్పుడు తలారి అటు చూడలేకపోయాడు.

ఆ తర్వాత అద్దకపువీధి నుంచి ఎవరూ రాలేదు. వేరే పనుల మీద వచ్చినవాళ్ళని తలారి ముందు ఏ ఊరనే అడిగేవాడు. యజమానులు సగం కూలే చేతిలో పెట్టినా ఎవరూ నోరెత్తలేదు. సందులో దెబ్బలు తిన్నవాళ్ళు గాయానికి పసుపు అద్దుకుని పనిలోకి పోయారు. "చూశావా, ఊళ్ళో దొంగతనమన్న మాటే లేదు," అని పట్టణపెద్ద మురిసిపోయాడు. తలారి తల ఊపాడు.

అడిగేవాళ్ళు లేకపోయేసరికి ఆ దొంగకు సందు చాలలేదు. ఒక మధ్యాహ్నం బజారుకు పక్కవీధిలో ముసలి మంత్రసానిని పొడిచి, మెడలో గొలుసు తెంచుకుపోయాడు. సాయంత్రానికి ఆమె ప్రాణం పోయింది. పట్టణమంతా ఏడ్చింది. పట్టణపెద్దా ఏడ్చాడు.

మంత్రసానిని పొడిచిన వేళ ఎదుటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నది ఆ ఇల్లాలేనని తలారికి తెలిసింది. వెంటనే ఆమె గుమ్మం ముందుకు వెళ్ళాడు.

"చెల్లెమ్మా, వాణ్ణి చూశావా?"

"నేనేమీ చూడలేదయ్యా."

అన్నా అని పిలిచిన నోరు అయ్యా అన్నది. తలారి గొంతు తగ్గించాడు. "నిన్ను ఏ ఊరని అడగను. ఒట్టు."

"మీరు అడగకపోయినా, నేను సాక్ష్యానికి వస్తే ఆ పెద్దాయన అడుగుతాడు. నా పిల్లలనేం చెయ్యమంటారు?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా కాన్పులు రెండూ ఆవిడే చేసిందయ్యా. అయినా నేను చూడలేదు."

అంతలో ఒక పడుచువాడు తడిసిన చొక్కాతో అటుగా వచ్చాడు. వాణ్ణి చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. లోపలికి పోయి గడియ వేసుకుంది.

తలారి వీధికి అడ్డంగా నిలబడ్డాడు. మధ్యాహ్నం ఎక్కడున్నావని అడగాలి. చొక్కా ఎందుకు తడిసిందని అడగాలి. కానీ ఇన్నాళ్ళుగా నోటికి అలవాటైన మాట ఒక్కటే వచ్చింది.

"ఏ ఊరు?"

"ఈ ఊరేనండీ. ఇక్కడే పుట్టాను."

తలారి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.