కొసరు కుండ

ఉడతలమెట్ట అడవికీ, బుధవారం సంత జరిగే బీడుకీ మధ్యన ఒక వాగు ఉంది. ఎండాకాలం అందులో మోకాలి లోతు నీళ్ళే ఉంటాయి కాబట్టి సంతకి పోయే జంతువులన్నీ అక్కడే దాటుతాయి. ఆ రేవులో కాటుకమ్మ అనే గేదె నాలుగేళ్ళుగా చల్ల అమ్ముతోంది. గేదె కవ్వం ఎలా తిప్పింది, ముంత ఎలా పట్టుకుంది అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అలాంటివాళ్ళకి కథ చెప్పడం నా వల్ల కాదు, వాళ్ళు లేచి వేరే పని చూసుకోవచ్చు.

కాటుకమ్మ పందిరి పెద్దదేం కాదు. నాలుగు గుంజలు, పైన తాటాకులు, కింద రెండు కుండలు, పక్కన మోదుగాకు దొప్పల కట్ట. వచ్చినవాళ్ళు తమకున్నది తెచ్చి ఇస్తారు. గాడిద చితుకులు తెస్తాడు, మేక కరివేపాకు తెస్తుంది, అడవిపంది ఏదో ఒక దుంప తవ్వుకొస్తాడు. కాటుకమ్మ ఎవరికి ఎలా కావాలో అడగదు. గాడిద సన్యాసికి దుమ్ములో నడిచి నడిచి గొంతు ఒరిసిపోయి ఉంటుంది కాబట్టి ఉప్పు వెయ్యదు. మేక మంగాయమ్మకి అల్లం ఘాటుగా తగలాలి. తాగడం అయ్యాక, దొప్ప పారేసేలోగా, కుండ పైనుంచి వెన్న పలుకులు తేలుతున్న చల్ల ఇంకో అర ముంత పోస్తుంది. అది కొసరు. దాన్ని ఎవరూ అడగరు, ఆమె కూడా పోశానని చెప్పదు.

రేవులో ఒక్క చల్ల పందిరే ఉండాలని అడవిలో కట్టుబాటు. అయితే వానలకి ముందు వచ్చే ఆఖరి మూడు సంతలకి ఎవరైనా పక్కన పోటీ పందిరి వేసుకోవచ్చు. మూడో సంతనాడు తాబేలు పెద్దతాత వచ్చి కూర్చుని, జనం ఎవరి దగ్గర కొనుక్కు తాగుతున్నారో చూసి, వచ్చే ఏటికి చోటు ఎవరిదో చెప్తాడు. నాలుగేళ్ళుగా పోటీకి ఎవరూ రాలేదు. తాత వచ్చి, చల్ల తాగి, మూతి తుడుచుకుని, "నీదేలే అమ్మా" అని వెళ్ళిపోయేవాడు.

ఈ ఏడు మాత్రం నక్క కొండలరావు వచ్చాడు.

మొదట గిరాకీలాగే వచ్చాడు. ఒక పూటంతా పందిట్లో కూర్చుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తూ రెండు దొప్పలు తాగాడు.

"అక్కయ్యగారూ, మీకు చాటింపు లేదు, రంగుల పందిరి లేదు. అయినా తాగినవాడే మళ్ళీ తాగడానికి వస్తున్నాడు. ఏమిటండీ కిటుకు?" అని అడిగాడు.

"కిటుకేముంది బాబూ. కాస్త కొసరు పోస్తాను," అంది కాటుకమ్మ. ఆమెకి తోచింది అదే.

"కొసరు. అంతేనా?"

"అంతే మరి."

కొండలరావు ఆ మాటని మూట కట్టుకున్నట్టు తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంట్లో పాలు కాచానండీ, తోడుకి చుక్క పెరుగు లేదు. కాస్త పెడతారా?" అన్నాడు. తోడు అడిగితే లేదనడం ఏ ఇంట్లోనూ లేదు. కాటుకమ్మ చిన్న చిప్పలో పెరుగు వేసి ఇచ్చింది.

అతను వాగు దాటాక మేక మంగాయమ్మ నెత్తి కొట్టుకుంది. "వదినా, అతను అవతలి ఒడ్డున గుంజలు పాతించాడు. చల్ల పందిరి వేస్తాట్ట. నువ్వేమో తోడిచ్చి పంపావు."

"అడిగాడు, ఇచ్చాను."

"రేపు చోటు కూడా అడుగుతాడు."

కాటుకమ్మ కుండల మీద మూతలు సర్దుతూ ఆలోచనలో పడింది. ఆ చోటు పోతే మళ్ళీ మెట్ట మీద రాళ్ళబీడుకే పోవాలి. అక్కడ గడ్డికి కొదవ లేదు. పలకరించేవాళ్ళే ఉండరు. బుధవారాలు లేని బతుకు తలుచుకుంటేనే ఆమెకి దిగులుగా ఉంది.

మొదటి సంతనాడు తెల్లారేసరికి అవతలి ఒడ్డు పెళ్ళివారి విడిదిలా వెలిగిపోతోంది. పందిరికి ఎర్ర తురాయిపూలు, పసుప్పచ్చ తంగేడు పూలు వేలాడదీశారు. కాకి ఏకాంబరం గుంజ మీద కూర్చుని గొంతు చించుకుంటున్నాడు.

"రండి, కొండలరావు గారి చల్లపందిరి. తాగినవారికి నెమలీక బహుమానం. ఆలస్యం చేస్తే ఈకలు అయిపోతాయి."

జనం అటు తిరిగారు. కుందేళ్ళు పోయాయి, అడవిపంది పోయాడు, దుప్పి తన సంసారాన్నంతా వెంటబెట్టుకుని పోయింది. చివరికి గాడిద సన్యాసి కూడా రేవులో ఒక్క క్షణం నిలబడి, కాటుకమ్మ వైపు చూడలేక తల వంచుకుని, మెల్లగా అటే నడిచాడు. ఆ రోజు కాటుకమ్మకి ఒక కుండ మిగిలిపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది. గేదె కళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

"నువ్వూ చాటింపు వేయించు," అంది మంగాయమ్మ. "ఈ కాలంలో మూల కూర్చుంటే ఎవరు చూస్తారు? వాగులో కప్పలున్నాయిగా, వాటి గొంతుకి కాకి ఏ మూలకి?"

కాటుకమ్మకి అది నచ్చలేదు. కానీ భయపడ్డవాళ్ళు నచ్చని పనులే ముందు చేస్తారు. రెండో సంతకి నాలుగు కప్పల్ని మాట్లాడింది. అవి రేవు రాళ్ళ మీద వరసగా కూర్చుని "కాటుకమ్మ చల్ల, కాటుకమ్మ చల్ల" అని ఒకటే రొద. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటుంది. వాటికి తడి గుడ్డలు కప్పాలి, నోరు ఎండితే నీళ్ళు చల్లాలి, అరవకపోతే అదిలించాలి. కాటుకమ్మ పొద్దున్నుంచీ కప్పల వెనకే తిరుగుతోంది.

ఆ హడావిడిలో సన్యాసి వచ్చాడు. పోయిన వారం అటు వెళ్ళినందుకు సిగ్గుపడుతూ, చితుకుల కట్ట రెండింతలు తెచ్చాడు. కాటుకమ్మ వెనక్కి తిరిగి కప్పని కసురుతూనే దొప్ప నింపి అందించింది. సన్యాసి ఒక గుక్క మింగి ఆగిపోయాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మొత్తం తాగేశాడు.

"ఏమైంది సన్యాసీ?"

"ఏం లేదక్కా. ఇవాళ మీకు తీరిక లేదులెండి," అని దగ్గుతూ వెళ్ళిపోయాడు.

అప్పుడు చూసుకుంది కాటుకమ్మ. దొప్ప అడుగున కరగని ఉప్పురాయి ఉంది. కొసరు పొయ్యడం కూడా మర్చిపోయింది. నాలుగేళ్ళలో ఎన్నడూ జరగని పని. నక్క పక్కన పందిరి వేసినందుకు కలిగినదానికంటే దీనికి ఎక్కువ బాధ కలిగింది ఆమెకి. అక్కడికక్కడే కప్పలకి దండం పెట్టి నీళ్ళలోకి పంపేసింది. ముంతెడు ఉప్పులేని చల్ల పట్టుకుని, సంతబీడు దాకా నడిచి వెళ్ళి సన్యాసిని వెతికి పట్టుకుంది.

"గొంతు మండిపోయి ఉంటుంది. ఇది తాగు."

"ఇందుకోసం పందిరి వదిలేసి వచ్చారా అక్కా?"

"పందిరి ఎక్కడికీ పోదులే, తాగు."

సన్యాసి తాగాడు. సంతలో ఉన్నవాళ్ళందరూ గేదె గాడిదకి చల్ల తాగించడం చూశారు. ఎవరూ చాటింపు వెయ్యలేదు కానీ ఆ సాయంత్రానికి మెట్ట మీదున్న ముళ్ళపందికి కూడా సంగతి తెలిసిపోయింది.

అవతల కొండలరావుకి వేరే చిక్కు వచ్చి పడింది. నెమలీక ఉన్నవాడు మళ్ళీ రావడం లేదు. ఇంకో ఈక ఏం చేసుకుంటాడు? రెండో సంత మధ్యాహ్నానికే పందిరి పలచబడింది. అతను బుర్ర గోక్కుని, కాటుకమ్మ చెప్పిన మాట గుర్తు తెచ్చుకున్నాడు.

"ఏకాంబరం, కొసరు పొయ్యాలోయ్," అన్నాడు.

"పోద్దాం. ఎంత?"

"ఆవిడ అర ముంత పోస్తుంది. మనం నిండు ముంత పోద్దాం. ఆవిడ కొన్నాక పోస్తుంది. మనం కొనక ముందే పోద్దాం. తాత వచ్చే వేళకి జనం మన దగ్గర తిరనాళ్ళలా ఉండాలి."

"అంత చల్ల ఊరికే పోస్తే అమ్మడానికి ఏం మిగుల్తుంది?"

కొండలరావు నవ్వాడు. "ఇవాళ మిగిలిపోయే కుండ ఉందిగా. ఊరికే పోసేదానికి అది చాలు. తాజాగా చిలికింది కొనేవాళ్ళకి."

నిజం చెప్పాలంటే కొండలరావు చల్ల మంచిది. కాటుకమ్మ ఇచ్చిన తోడు, అతను ఓపిగ్గా చిలికిన చిలుకుడు. మూడో సంతకి చిలికిన తాజా కుండకి మూత పెట్టి, తడి గుడ్డ చుట్టి, వెనక నీడలో భద్రంగా దాచాడు. ముందు వరసలో పాత కుండ పెట్టాడు. వారం రోజుల ఎండకి అది పళ్ళు జివ్వుమనేంతగా పులిసి ఉంది.

మూడో సంతనాడు ఏకాంబరం తెల్లవారుజామునే మొదలుపెట్టాడు. "కొసరు ముందు, బేరం తరవాత. కొనక్కర్లేదు, రండి చాలు. నిండు ముంత కొసరు."

తాబేలు తాత రేవులోకి దిగేసరికి అవతలి ఒడ్డున ఇసక వేస్తే రాలనంత జనం. ఇవతల కాటుకమ్మ, పక్కన మంగాయమ్మ తప్ప ఇంకెవరూ లేరు.  కాటుకమ్మ పందిట్లో దొప్పలు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ నిలబడింది.

"చూడండి తాతగారూ, మీరే చూడండి," అన్నాడు కొండలరావు. "వరస ఎక్కడి దాకా ఉందో. ఇంకా కూర్చోవడం ఎందుకు?"

"నడిచొచ్చిన అలుపు తీరాలిగా నాయనా. కాసేపు కూర్చుంటాను," అని తాత వాగు మధ్యలో ఉన్న బండ ఎక్కాడు.

వరసలో ముందు దుప్పి తాగింది. ముఖం వంకర తిప్పి, పక్కకి తప్పుకుంది. తరవాత కుందేళ్ళు తాగి చెవులు విదిలించాయి. అడవిపంది ఏదైనా తింటాడని పేరు. అతను కూడా ముంత మధ్యలో దించేసి, మర్యాదకి "బాగుంది బాబూ" అని జారుకున్నాడు. తాగినవాడు తాగినట్టే వాగులోకి దిగుతున్నాడు, నీళ్ళతో నోరు పుక్కిలిస్తున్నాడు, ఇవతలి ఒడ్డు ఎక్కుతున్నాడు.

"పిన్నీ, ఒక దొప్ప పొయ్యండి. నోరంతా పులుపు," అంది దుప్పి.

కాటుకమ్మ ఒకరి తరవాత ఒకరికి పోస్తూనే ఉంది. దుప్పి పిల్లలకి పల్చగా, అడవిపందికి మిరపకాయ నలిపి, కుందేళ్ళకి చిన్న దొప్పల్లో. చేతులకి పని దొరికాక ఆమెకి భయం సంగతి గుర్తే రాలేదు. తాగినవాళ్ళకి మామూలుగానే అర ముంత పైన పడుతోంది.

కొండలరావు వాగులో అడ్డం పడ్డాడు. "ఆగండి, ఎక్కడికి? మీరు తాగింది కొసరే కదా. అసలు చల్ల లోపల ఉంది. అది కొనుక్కు తాగండి."

వరసలో ఆఖరున తాగిన గాడిద సన్యాసి నిదానంగా అన్నాడు, "అదే తాగాం కాబట్టే బాబూ, ఎక్కడ కొనుక్కోవాలో తెలిసింది."

"ఆవిడకంటే రెండింతలు పోశాను. కొసరంటే అంతేగా. ఆవిడే చెప్పింది."

మంగాయమ్మ ఇవతల నుంచి అందుకుంది. "బేరమయ్యాక చెయ్యి ఆగక పడేది కొసరు బాబూ. బేరం కోసం ముందే పోసేదాన్ని మా వైపు ఎర అంటారు. అందులోనూ పులిసిపోయిన ఎర."

రేవంతా నవ్వింది. ఏకాంబరం గుంజ మీద నుంచి లేచి, తనకేం సంబంధం లేనట్టు చింతల తోపు వైపు ఎగిరిపోయాడు. పొద్దు నడినెత్తి దాటాక తాబేలు తాత బండ దిగి ఇవతలికి వచ్చాడు. చల్ల తాగి, మూతి తుడుచుకుని, "నీదేలే అమ్మా" అన్నాడు. కాటుకమ్మ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. సంతోషానికే. ఈసారి అందరూ కనిపెట్టారు.

జనం సంతకి వెళ్ళిపోయాక కొండలరావు తన తాజా కుండ తలకెత్తుకుని రేవులోకి దిగాడు. ఎండ మాడ్చేస్తోంది, ముఖం వేలాడిపోయి ఉంది. అతన్ని చూస్తే కాటుకమ్మకి జాలేసింది.

"ఆ కుండ నిండుగానే ఉన్నట్టుందే బాబూ. ఒకసారి దించండి, రుచి చూస్తాను."

కొండలరావు అనుమానంగానే దించాడు. గుడ్డ విప్పి, మూత తీసి, ఒక ముంత ముంచి ఇచ్చాడు. కాటుకమ్మ ఒక గుక్క తాగింది. ఆగి, ఇంకో గుక్క తాగింది. ముంత ఖాళీ చేసి, అతని ముఖంలోకి నిజాయితీగా చూసింది.

"ఎంత కమ్మగా ఉందండీ. ఇదే కుండలోంచి తలా ఒక గుక్క పోసి ఉంటే, వచ్చే ఏటికి నా చోటు మీదైపోయేది."

కొండలరావు మూత పెట్టి, గుడ్డ మళ్ళీ చుట్టాడు. కుండ మళ్ళీ తలకెత్తుకుని, కొనేవాళ్ళెవరూ రుచి చూడని ఆ కమ్మటి చల్లని మోసుకుంటూ, ఎండలో మెట్ట దారి పట్టాడు.

ఊరికే పెట్టినదాన్ని చూసే, అమ్మేది ఎలా ఉంటుందో జనం తేల్చుకుంటారు.