రుచి చూసేవాడి వంట

మునికోట రాజు కేతభూపాలుడికి ఒక పొద్దున ఓ కోరిక పుట్టింది. పొరుగు రాజు సగం మందితోనే కోట నడిపిస్తున్నాడని ఎవరో చెవిన వేశారు. తనూ అలా నడిపి చూపించాలనుకుని, ఆ పని దివాను దండపాణికి అప్పగించాడు.

దండపాణికి చెప్పిందే తడవు. సాయంత్రానికల్లా వంటమనిషి చిట్టెమ్మను ఇంటికి పంపేశాడు. రాజుగారి భోజనం ముందుగా తిని, విషం లేదని తేల్చే తిప్పనను పిలిచి, రేపటినుంచి వంటా నువ్వే చెయ్యమన్నాడు.

జీతం మాటేమిటని తిప్పన అడిగాడు. రాజసేవలో అలాంటి ప్రశ్నలు తగవని, కోటలో గరిటె పట్టే భాగ్యం అందరికీ దక్కదని దివాను మందలించాడు. తిప్పనకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా ముద్ద ముద్దకీ ప్రాణం ఒడ్డినవాడు. పైగా చిట్టెమ్మ వెళ్తూ వెళ్తూ, తన పోపులపెట్టె అతని చేతిలో పెట్టి వెళ్ళింది. అది ఇంకా బాధించింది. కాదంటే ఉన్న కొలువూ ఊడుతుంది. సరేనని తలూపాడు.

మర్నాడు పొగలో కళ్ళు నులుముకుంటూ పప్పు, వంకాయ కూర, చారు చేశాడు. అన్నం ముద్దయింది, కూర అడుగంటింది. రాజుగారు పీట మీద కూర్చున్నారు. తన ఏర్పాటు చూసి మురిసిపోవడానికి దండపాణీ వచ్చాడు.

తిప్పన వడ్డించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రుచి చూడవేమని రాజు అడిగాడు.

"చూస్తాను ప్రభూ. కానీ ఈ వంటకు నేను పూచీ పడలేను. వంటవాడి మీద నాకు అనుమానంగా ఉంది."

వంటవాడివి నువ్వే కదా అన్నాడు రాజు, తికమకపడి.

"అందుకే ప్రభూ, వాడి మనసు నాకు బాగా తెలుసు. జీతం లేని పని నెత్తిన పడిందని నిన్నటినుంచీ లోలోపల ఉడికిపోతున్నాడు. అలాంటివాడి వంట గురించి మిమ్మల్ని హెచ్చరించడమే నా కొలువు."

దండపాణికి చిర్రెత్తింది. కబుర్లు ఆపి ముందు ఒక ముద్ద తిని చూపించమన్నాడు.

"తింటాను దివానుగారూ. కానీ విషం కలిపినవాడికి విరుగుడు తెలియకుండా ఉంటుందా? నేను తిని బతికితే ప్రభువులకేం భరోసా? ఈ ఏర్పాటును నమ్మి చేసినవారు తింటే భరోసా."

రాజు విస్తరిని దివాను వైపు జరిపాడు.

దండపాణి ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చాడు. మళ్ళీ దించాడు. ఇవాళ ఏకాదశని, తనకు ఉపవాసమని నసిగాడు. ఏకాదశి వెళ్ళి మూడు రోజులైందని రాజు గుర్తు చేశాడు.

అప్పుడు తిప్పనే ముందుకు వచ్చి, విస్తట్లోంచి ఓ పెద్ద ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ముఖం చిట్లించాడు.

"విషం లేదు ప్రభూ. ఉప్పు కూడా లేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక చేతికున్న కంకణం తీసి తిప్పనకు తొడిగి, చిట్టెమ్మను స్వయంగా వెళ్ళి పిలుచుకు రమ్మని దండపాణిని పంపించాడు.