దొరగారి జీనుపట్టీ

నోట్లోంచి ఆ దుప్పటి కొస తియ్యవే తల్లీ ముందు. తీశావా? ఊఁ కొట్టు మరి.

అనగనగా సముద్రమొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కోదండం అని ఒక దుబాసీ. దుబాసీ అంటే దొర మాట మనకీ, మన మాట దొరకీ చెప్పేవాడు. మంచివాడే పాపం, కానీ ‘తెలీదు’ అన్న మాట మాత్రం చచ్చినా నోట రాదు. దుబాసీకే తెలీదంటే ఇంక నువ్వెందుకు, ఇంటికి పొమ్మంటారని హడలు.

ఒకనాడు ఊరి బయట దొర డేరా వేశాడు. పొద్దున్నే లేచి చూస్తే గుర్రం జీనుపట్టీ, అదే జీను బిగించే తోలుపట్టీ, కాస్తా పీలికలు పీలికలు. దొర అది చూపించి ‘నా’ అని ఏదో అన్నాడు. మన ‘నా’ కాదే, ఇంగ్లీషు ‘నా’ (gnaw). కోదండం పుట్టి బుద్ధెరిగి ఆ మాట వినలేదు. అడిగితే పరువేం కాను? "నమిలేసిందిట!" అని బంట్రోతులకి చెప్పేశాడు.

నమిలేది ఎవరు? మేక! అప్పుడు బంట్రోతులు కోదండం ఇంటి పక్క పాకలో ఉండే పోలమ్మ అనే ముసలమ్మ మేకని లాక్కొచ్చి డేరా ముందు కట్టేశారు. సాయంత్రానికి దీన్ని కూర వండేస్తామన్నారు.

పోలమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "బాబూ, నా మనవడు తల్లిలేని పసిగుడ్డు. ఈ మేక పాలే వాడి ప్రాణం. వాడి ఉసురు పోసుకోకండి బాబూ!"

కోదండానికి గుండె గుభేలుమంది. ఇంతకీ ఆ మాటకి అర్థం నమలడమేనా? వెళ్ళి దొర వంటవాణ్ణి అడిగాడు. "కుక్క ఎముక పట్టుకుని కూచుని చేస్తుందే, అదేనండీ" అన్నాడు వాడు. ఓహో, అయితే కొరకడం! అప్పుడు బంట్రోతులు ఊరకుక్కనీ తెచ్చి కట్టారు. మేకనైనా వదిలారా అంటే, అదీ లేదు.

ఆ తర్వాత దొరసానిని అడిగాడు. ఆవిడ కళ్ళొత్తుకుంది. "సీమలో, అదే మా ఇంగ్లండులో, నా బిడ్డకి జ్వరమట. ఆ బెంగ నన్ను చేస్తున్నది అదేనయ్యా" అంది.

ఓరి భగవంతుడా! మేకా, కుక్కా, బెంగా... ఈ మూడూ చేసే పని ఏమిటి? బెంగని ఏ తాడుతో కట్టాలి?

తల గిర్రున తిరిగి ఇంటికెళ్ళి అన్నం ముందు కూచున్నాడు. ముద్ద దిగలేదు. పోలమ్మ పాకలోంచి పసివాడి ఏడుపు వినిపిస్తోంది. తన గుండెలో ఏదో చేరింది. మింగదు, వదలదు, కొంచెం కొంచెంగా కొరుకుతూనే ఉంది. హారి! ఇదే కదూ ఆ మాట! మేకైతే పట్టీ మింగేసును. కుక్కైతే ఎత్తుకుపోవును. తోలుముక్కలన్నీ అక్కడే రాలి ఉన్నాయి మరి.

చెయ్యి కడుక్కుని పరుగో పరుగు. దొర ముందు నిలబడ్డాడు. "తెలీదు దొరా. ఆ మాట నాకు తెలీదు. తప్పు చెప్పాను. అది ఎలుక పని కదూ?"

దొర తెల్లబోయాడు. "ఎలుకేనయ్యా! వేరే పట్టీ వేయించమన్నాను, అంతే. పొద్దుట్నించీ నా గుమ్మం ముందు ఈ పశువుల సంత ఏమిటో నాకే అంతుపట్టలేదు" అన్నాడు. ఆ ‘నా’ అన్న మాట వాళ్ళ ముత్తవ్వల ముత్తవ్వల నాటిదిట. మన ‘కరకర’ లాగే పళ్ళ చప్పుడులోంచి పుట్టి ఉంటుందంటారుట.

ఆ వివరమంతా వినడానికి కోదండం అక్కడుంటేగా! మేక తాడు విప్పేస్తున్నాడు. కుక్క ఎప్పుడో తన తాడు కొరుక్కుని చక్కాపోయింది.

మేకని తనే పాకకి తోలుకెళ్ళాడు. పసివాడు కడుపునిండా పాలు తాగి నిద్రపోయేదాకా గుమ్మంలోనే కూచున్నాడు. అప్పుడు గానీ లోపలి కొరుకుడు ఆగలేదు. అప్పుడేసింది ఆకలి! పోలమ్మ పోసిన గంజి గటగటా తాగేశాడు.

మళ్ళీ దుప్పటి నోట్లో పెట్టావుటే, ఎలకపిల్లా?

కథ కంచికి,
మేక పాకకి,
ఎలక కలుగుకి,
కళ్ళు మూసుకో, మనం నిద్దరకి.