శాస్త్రిగారి ఒంటిపూట కొత్వాలు ఉద్యోగం

వెనకటికి చిత్రగిరి రాజ్యాన్ని మణిధరుడనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో పేరిశాస్త్రి అనే విదూషకుడు ఉండేవాడు. ధైర్యమంటే శాస్త్రికి ఎంతో గౌరవం. అందుకే దానికి ఎప్పుడూ ఆమడ దూరాన నిలబడేవాడు.

ఒకనాటి ఉదయం కొత్వాలు రణభీమయ్య దొంగను వెతుకుతూ భటులతో శాస్త్రి ఉండే వీధికి వచ్చాడు. గొడ్డళ్లు చూడగానే శాస్త్రి మంచం కిందికి దూరాడు. పొట్ట అడ్డం వచ్చి సగం మనిషే దూరగలిగాడు.

పొరుగింట్లో నాంచారమ్మ ఒంటరిగా బట్టలు నేసుకుని బతుకుతోంది. భటులు ఆమె ఇల్లంతా వెతికారు. దొంగ దొరకలేదు. ఆ కోపంలో కొత్వాలు ఆమె మగ్గాన్ని ముక్కలు చేయించి పోయాడు.

నాంచారమ్మ కొలువుకు వెళ్లి మొరపెట్టుకుంది. "మహాప్రభూ, నాకు కూడూ గుడ్డా ఆ మగ్గమే. దొంగ మా ఇంట్లో లేడు. ఇప్పుడు మగ్గమూ లేదు."

"కొలువు పని మీద వెళ్లాం ప్రభూ," అన్నాడు కొత్వాలు మీసం దువ్వుతూ.

రాజు గంభీరంగా తల పంకించాడు. "నిప్పుకు చెదలంటదు. కొలువు పనిలో ఉన్న భటుడి చేతికి తప్పంటదు!"

పండితులంతా ఆహా అన్నారు. అలవాటు కొద్దీ శాస్త్రి కూడా తల ఊపాడు. అప్పుడు నాంచారమ్మ తనవైపు చూసిన చూపుకు, ఊపిన తలను ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఆ పూట అన్నం సయించలేదు. 'నాకున్న ఆయుధం నాలుకొక్కటే. అదీ అవసరానికి మొద్దుబారింది' అని తనను తానే తిట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక్క పూట నన్ను కొత్వాలును చేయండి."

సభ గొల్లుమంది. "పిల్లిని చూసి పీట ఎక్కేవాడివి, నువ్వు కొత్వాలువా?" అన్నాడు రాజు.

"మొన్న బల్లికి కూడా ఎక్కాను ప్రభూ."

రాజు నవ్వి సరేనన్నాడు.

శాస్త్రి పెద్ద తలపాగా చుట్టి, గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. తలపాగా కళ్ల మీదికి జారుతోంది. దాన్ని ఎగదోసుకుంటూ, "కదలకండి! దొంగ సింహాసనంలో దాక్కున్నాడని ఉప్పందింది!" అని అరిచాడు. రాజు ఉలిక్కిపడి లేచేసరికి శాస్త్రి సింహాసనం మీది దిండు చీల్చేశాడు. బూరుగుదూది ఎగిరి రాజుగారి మీసాలు క్షణంలో నెరిశాయి.

అంతటితో ఆగక, సింహాసనం పక్కనే ఉన్న, రాజు ప్రాణంలా చూసుకునే తాతల నాటి వీణ మీదికి గొడ్డలెత్తాడు.

"ఆగు! వీణ విరిగిందా, నీ తల ఉండదు!"

"మామూలుగా అయితే ఉండదు ప్రభూ. ఇవాళ కొలువు పనిలో ఉన్నాను. నా చేతికి తప్పంటదు."

"ఓరి మూర్ఖుడా! వీణలో దొంగ ఎలా దాక్కుంటాడు?"

"నాంచారమ్మ మగ్గంలో ఎలా దాక్కున్నాడో అలాగే ప్రభూ."

రాజు వీణ వంక చూశాడు. తర్వాత నాంచారమ్మను పిలిపించి, కొత్వాలు వైపు తిరిగాడు.

"రణభీమయ్యా, దొంగను వెతకడం కొలువు పని. మగ్గం విరగ్గొట్టడం నీ కోపం చేసిన పని. నీ కోపానికి నువ్వే పూచీ. కొత్త మగ్గం నీ సొంత ఖర్చుతో చేయించు. నిన్ను పంపినవాణ్ణి నేను గనక, అది సిద్ధమయ్యేదాకా ఈమె తిండిగింజలు నా గాదెలోంచి వెళ్తాయి."

"టేకుతో చేయించండి బాబూ," అంది నాంచారమ్మ. "ఈసారి వచ్చే భటులకు కాస్త కష్టమన్నా కావాలి."

రాజు ఫక్కున నవ్వాడు. "శాస్త్రీ, ఇకమీదట నువ్వే కొత్వాలువి!"

శాస్త్రి గొడ్డలి కింద పడేశాడు. "వద్దు ప్రభూ! నిన్న ఇచ్చి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు కొత్వాలు పాడుచేసింది కొత్వాలే బాగుచేయించాలాయె. ఒక్క పూటకే మీ దిండు నా నెత్తిన పడింది. నెల్లాళ్లు చేశానంటే మా ఇంటి వాసాలు కూడా మిగలవు."

"తీర్పు తీర్పే! దిండు ఖర్చు నీదే!" అంటూ రాజు పగలబడి నవ్వి, తన మెడలోని ముత్యాల హారం తీసి శాస్త్రి మెడలో వేశాడు.